శంకరమ్మ మోసుకుపోయిన బాయిలరు

ధర్మవరంలో మా వీధిలో పుట్టిన పిల్లల్లో ముక్కాలు మందికి నీళ్లు పోసింది శంకరమ్మే. ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ బండ్ల మీద తిరిగే మగరాయుళ్లంతా ఒకప్పుడు ఆమె కాళ్ల మీద బోర్లా పడుకొని గుక్కపట్టి ఏడ్చినవాళ్లే. ఎదురుపడితే ఆమె ఊరుకోదు. "నీ ముక్కు ఇంత నిటారుగా ఉండాదంటే అది నేను లాగిందే, గుర్తు పెట్టుకో" అంటుంది, అదీ నలుగురిలో. అందుకే వాళ్లు ఆమెను దూరం నుంచి చూస్తేనే పక్క సందులోకి తిరిగిపోతారు.

వయసు అడిగితే ఒకసారి అరవై రెండు అంటుంది, ఒకసారి అరవై ఐదు అంటుంది. పుట్టింది గాండ్లపెంట దగ్గర ఒక మెట్ట పల్లెలో. పెండ్లయి ఈ ఊరికి వచ్చింది. వాళ్ల అత్త కూడా బాలింతలకు నీళ్లు పోసేదే. ఆమె దగ్గర నేర్చుకున్న పని ఇది. మొగుడు గంగన్న పోయి పదేండ్లయింది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం రైలు కూత. ఒకటి అనుకుందంటే ఆ పని అయ్యేదాకా తనూ నిద్రపోదు, మననూ పోనివ్వదు.

నేను చీరలకు కుచ్చులు వేస్తాను. పొద్దున్నుంచి వసారాలోనే నా మకాం. చేతులు కుచ్చుల మీద ఉంటాయి, చెవులు మాత్రం వీధి మీద ఉంటాయి, దాచుకోవడానికేముంది. పక్కిల్లు వేణుమాధవ్‌ది. ఆయనకు మూడు మగ్గాలు. భార్య పోయి మూడేండ్లు. ఒక్కతే కూతురు గీతాంజలి, మొన్న మార్గశిరంలో తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. తల్లి లేని పిల్ల కదా అని వేణుమాధవ్ అక్క నాగరత్నమ్మ అమరాపురం నుంచి పెట్టె సర్దుకొని వచ్చి కూర్చుంది. ఆడబిడ్డ పుట్టింది. అంతా బాగానే ఉంది.

గీతాంజలి మాత్రం బాగాలేదు. ఒంట్లో జబ్బేమీ లేదు, కుట్లు మానుతున్నాయి, పాలు పడ్డాయి. మాటే పోయింది. పెండ్లికి ముందు మా గోడ మీద మోచేతులు పెట్టుకొని గంటల తరబడి వాగిన పిల్ల, ఇప్పుడు అడిగితే "ఊ" అంటుంది, లేకపోతే అదీ లేదు. బిడ్డను ఒళ్లో పెడితే పాలిస్తుంది. తీసుకుంటే ఇచ్చేస్తుంది. తనంతట తాను ఎత్తుకోదు. ఆశా కార్యకర్త భాగ్య అది చూసి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందని, మాత్రలు రాసిచ్చి, ఒంటరిగా వదలొద్దు, మాట్లాడించండి అని చెప్పిందట. మాట్లాడించడం అందరం చేశాం. గోడతో మాట్లాడినట్టే ఉండేది.

శంకరమ్మ నీళ్లు పోసేటప్పుడు మాత్రం నోరు తెరిచేది. వాళ్ల స్నానాల గది కిటికీ మా వసారా వైపే ఉంటుంది, కాబట్టి నాకు తెలుసు. ఒళ్లంతా నూనె పట్టించి, నడుము మీద చెంబుతో వేడినీళ్లు కొడుతూ ఉంటే, ఇరవై చెంబులో ముప్పై చెంబులో అయ్యాక ఆ పిల్ల గొంతు నెమ్మదిగా వినిపించేది. ఒకరోజు కాలేజీ బస్సు గురించి చెప్పింది. ఒకరోజు నవ్వింది కూడా. తొమ్మిదో రోజు, "అవ్వా, బిడ్డను చూస్తే నాకు భయమైతాది" అంది. శంకరమ్మ చెంబు ఆపలేదు. "కానీలే, రేపు ఇంకా చెప్పు" అంది. అప్పుడు నాకు అనిపించింది, ఈ నీళ్లు ఇలాగే నడిస్తే ఈ పిల్ల గట్టెక్కుతుందని.

ఆ నీళ్లు కాగేది రాగి బాయిలరులో. నా నడుము దాకా వస్తుంది. మధ్యలో గొట్టం ఉంటుంది, అందులో మల్బరీ కట్టెలో కొబ్బరి చిప్పలో వేసి అంటిస్తే చుట్టూ నీళ్లు కాగుతాయి. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్కన మూతిలోంచి ఒక చెంబు వేడినీళ్లు వస్తాయి. పోయకపోతే రావు. అందువల్ల అది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ ఇంట్లో ముప్పై ఏండ్లుగా బాయిలరులో నీళ్లున్నాయా అని తొంగిచూసినవాళ్లు లేరు. చూడాల్సిన అవసరమే రాలేదు.

పదకొండో రోజు పురుడు. ఇల్లంతా శుద్ధి చేయాలి. నాగరత్నమ్మకు శుద్ధి అంటే మామూలు శుద్ధి కాదు. ముందురోజు సాయంత్రమే బాయిలరును వంచి నీళ్లన్నీ పారబోసి, చింతపండు పెట్టి తళతళా తోమి, మళ్లీ రాళ్ల మీద నిలబెట్టింది. పొద్దున పూజ చేసి నింపుదామనుకుంది. వేణుమాధవ్‌కు ఈ సంగతి తెలియదు. కూతురికి తను ఏమీ చేయలేకపోతున్నానని ఆయనకు లోపల బాధ. ఆ రోజు అందరికంటే ముందు లేచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బాయిలరు గొట్టంలో మంట పెట్టాడు. కట్టెలు కూడా బాగా దట్టించాడు.

అరగంటలో అతుకులకు మాటు వేసిన తగరమంతా కరిగి బూడిదలోకి కారిపోయింది. నాగరత్నమ్మ వచ్చి బిందెడు నీళ్లు గరాటులో పోస్తే బిందెడూ కిందినుంచి వచ్చి మంటను ఆర్పేసింది.

"ఎవరు కడగమన్నారు నిన్ను?" అన్నాడు తమ్ముడు.

"ఎవరు అంటించమన్నారు నిన్ను?" అంది అక్క.

ఇద్దరూ మంచికే చేశారు. అందుకే ఇద్దరూ తగ్గలేదు. ఆ గొడవ వీధి చివరిదాకా వినిపించింది.

ఆ రోజు గ్యాసు పొయ్యి మీద మూడు గిన్నెల్లో కాచి తెచ్చారు. పది చెంబులకు అయిపోయాయి. తర్వాతి గిన్నె కాగేదాకా ఆ పిల్ల ఒంటినిండా నూనెతో, చలికి పండ్లు కొట్టుకుంటూ పీట మీద కూర్చుంది. రెండోసారీ అంతే. "చాలవ్వా" అని లేచి వెళ్లిపోయింది. వేణుమాధవ్ మధ్యాహ్నానికల్లా గీజరు తెచ్చి బిగించాడు. పదిహేను లీటర్లది. పన్నెండో రోజు పొద్దున రెండు బకెట్లు బాగానే వచ్చాయి. మూడో దానికి శంకరమ్మ కుళాయి తిప్పి చెంబు ముంచి తల మీద పోసింది, మంచులాంటి నీళ్లు. గీతాంజలి కెవ్వుమంది. తువాలు చుట్టుకొని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"నాకు నీళ్లొద్దు. ఎవరూ రావొద్దు ఈడికి."

బిడ్డ ఏడ్చినా తలుపు తీయలేదు. నాగరత్నమ్మ బతిమాలగా బతిమాలగా తీసి, పాలిచ్చి, మళ్లీ వేసుకుంది.

శంకరమ్మ వాళ్ల వసారాలో నిలబడి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ పిల్ల నోరు తెరిచేది నీళ్ల కింద ఒక్కటే. దాన్ని గూడా మూయించినారు మీరిద్దరూ" అంది. తర్వాత, "బాయిలరు యాడ?" అంది.

"పెరట్లో ఉండాది. పాతసామాన్ల గుజిరీ వానికి వేద్దామని పెట్నా" అన్నాడు వేణుమాధవ్.

"గుజిరీకి వేసేది నీ తెలివిని. పట్టు ఆపక్క."

ఆ తర్వాత జరిగింది నాకు ఇద్దరు చెప్పారు. వేణుమాధవ్ చెప్పినదాంట్లో శంకరమ్మ దయ్యం పట్టినట్టు తిరిగింది. శంకరమ్మ చెప్పినదాంట్లో వేణుమాధవ్ రోజంతా ఏమీ చేయకుండా ఆవులించాడు. రెండూ కలిపితే నిజం వస్తుందని నా నమ్మకం.

ఊర్లో పాత్రల అంగళ్లు అన్నీ చూశారు. అందరూ స్టీలు అమ్మేవాళ్లే, మాటు వేసేవాడు ఒక్కడు లేడు. పెనుకొండలో రామచంద్రాచారి అని పాతకాలపు కంచరి ఉన్నాడని ఎవరో చెప్తే, బాయిలరును పాసింజరు రైలెక్కించారు. పెనుకొండలో దిగి, ఆటోలో వెతుక్కుంటూ వెళ్తే ఆయన ఉన్నాడు. కండ్లు లేవు. బాయిలరును చేతులతో తడిమి, ఎక్కడెక్కడ విడిందో వేలు పెట్టి మరీ చూపించాడట. "పని నాకు తెలుసమ్మా. నిప్పు ముందర కూర్చునేకి కండ్లు గావాల. గ్యాసు మంట పెట్టేవాళ్లు హిందూపురంలో ఉంటారు, పోయి చూడండి" అన్నాడు.

"ఇంటికి పోదాం శంకరమ్మక్కా. పెద్ద గీజరు కొంటా" అన్నాడు వేణుమాధవ్.

"అది వచ్చేది ఎప్పుడు, బిగించేది ఎప్పుడు? మీ ఇంటి వైర్లకు అది ఆగుతుందో లేదో. ఈలోపల ఆ పిల్ల ఇంకో తలుపు వేసుకుంటాది. నువ్వు పోతే పో. నేను హిందూపురం పోతాండా."

ఆయన పోలేదు. ఎలా పోతాడు, మంట పెట్టింది ఆయనే కదా.

హిందూపురంలో మూడు వెల్డింగు షాపుల వాళ్లు బాయిలరును చూసి చేతులెత్తేశారు. ఇనుమైతే తెమ్మన్నారు, రాగిని తమ మంట బొక్క పెడుతుందన్నారు. మూడో షాపు ముందర టీ తాగుతూ కూర్చున్నారు. వేణుమాధవ్ తల పట్టుకున్నాడు. శంకరమ్మ ఎదురుగా చూస్తూ ఉంది. ఎదుటి అంగట్లో నలభై ఏండ్ల మనిషి ఒక ఫ్రిజ్‌ను తిరగేసి పెట్టుకొని, సన్నటి మంటతో దాని వెనక గొట్టం అతికిస్తున్నాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి లేచింది.

"ఏమబ్బా, నీ పేరేంది?"

"సాల్మన్. ఫ్రిజ్ యాడుండాది?"

"ఫ్రిజ్ గాదు, బాయిలరు. ఇది అతికియ్యాల."

అతను చూసి నవ్వాడు. "అక్కా, నేను ఫ్రిజ్‌లు, ఏసీలు చేసేవాణ్ని. ఇది నా పని గాదు."

"నువ్వు ఇప్పుడు అతికిస్తాండేది ఏంది?"

"కంప్రెసరు పైపు."

"దేనిది? ఇనుముదా?"

అతను చేతిలోని గొట్టం వైపు చూసుకున్నాడు. "రాగిది" అన్నాడు.

"మరి ఇది గూడా రాగే. నీ దానికి పైపు అని పేరు పెట్నారు, నా దానికి బాయిలరని పెట్నారు. అంతే గదా తేడా."

అతను కాసేపు నెత్తి గోక్కున్నాడు. ఇంత పెద్దది ఎప్పుడూ చేయలేదన్నాడు, రేకు పలచన అన్నాడు. చివరికి, "పాత తగరం రవ్వంత మిగిలినా నా అతుకు నిలవదు. అదంతా గీకి శుభ్రంగా తెస్తే చూస్తా, మాటివ్వను" అన్నాడు. గీకే పని అతనికి తీరదు, నాలుగు ఫ్రిజ్‌లు వరసలో ఉన్నాయి. శంకరమ్మ అక్కడే నేల మీద కూలబడింది. అతని దగ్గర ఒక పాత ఆకురాయి తీసుకుంది. వేణుమాధవ్ చింతపండు తెచ్చాడు, పక్కన కడుతున్న ఇంటి దగ్గర గుప్పెడు ఇసుక తెచ్చాడు. రెండు గంటలు గీకింది, తోమింది. ఆకురాయి పోని చోట గోరుతో గీకింది. వేణుమాధవ్ తీసుకోబోతే, "నీ చేతులు పట్టు నేసేటివి, పగిలితే చీర పోతాది" అని ఇవ్వలేదు.

సాల్మన్ అతికించాడు. నీళ్లు పోస్తే ఒక మూల నుంచి సన్నగా కారింది.

"నేను ముందే చెప్పినా గదక్కా."

"చెప్పినావు. ఇంకోసారి పెట్టు."

మళ్లీ ఆరబెట్టి, ఆ మూల మళ్లీ గీకి, మళ్లీ మంట పెట్టారు. ఈసారి శంకరమ్మ నిండు బాయిలరును రెండు చేతులా వాటేసుకొని, అతుకు పొడుగునా చెంప ఆనించి తడి చూసింది. పోసేటప్పుడు ఒలికిన నీళ్లతో చీరంతా ముద్దయింది. అతుకు మాత్రం పొడిగా ఉంది. సాల్మన్ తన అంగట్లో పనివాళ్లందరినీ పిలిచి చూపించుకున్నాడట. సాయంత్రం బస్సులో, ఆ తడి చీరతోనే, వెనక సీట్లో బాయిలరును ఒళ్లో పెట్టుకొని వచ్చింది. ఇల్లు చేరేసరికి వణుకుతోంది.

పదమూడో రోజు పొద్దున ఏడింటికి మళ్లీ వచ్చింది. రైలు కూత గొంతు పూర్తిగా పోయింది, ఒకటే దగ్గు. నేను కుచ్చులు పక్కన పెట్టి పక్కింట్లోకి నడిచాను. పిలవని పేరంటమే, అయినా ఆగలేకపోయాను. శంకరమ్మ తనే నీళ్లు నింపింది, తనే మంట పెట్టింది. అతుకు నిలిచింది. నీళ్లు మరిగాయి. పోయి గీతాంజలి తలుపు తట్టింది.

"లెయ్ తల్లీ. నీళ్లు కాగినాయి."

రెండోసారి తట్టింది. మూడోసారి పిలవబోయేసరికి దగ్గు తెర ఒకటి వచ్చింది, నిలబడలేక తలుపుకు ఆనుకుంది. లోపల గడియ తీసిన చప్పుడైంది.

గీతాంజలి ఆమె ముఖం చూడలేదు. చేతులు చూసింది. పది వేళ్ల కొసలూ పగిలి, పుండ్లు పడి ఉన్నాయి.

"ఏమైందవ్వా చేతులకు?"

"ఏం గాలేదు. నడు, చల్లారిపోతాయి."

నాగరత్నమ్మ ఊరుకోలేక మొత్తం చెప్పేసింది, పెనుకొండ, హిందూపురం, చింతపండు, ఇసుక, తడి చీర. గీతాంజలి అంతా వింది. ఆ పిల్లే శంకరమ్మ మణికట్టు పట్టుకొని స్నానాల గదిలోకి తీసుకుపోయి, పీట మీద కూర్చోబెట్టింది.

"ఏందే ఇది? బాలింతవు నువ్వా, నేనా?"

"కూర్చో అవ్వా."

"నీళ్లు ముట్టగూడదు నువ్వు. వీధంతా నవ్వుతాది."

"నవ్వనీ" అని మొదటి చెంబు వీపు మీద పోసింది.

శంకరమ్మ రెండు చెంబుల దాకా తిట్టింది. మూడో చెంబుకు గొణిగింది. తర్వాత మెడ వంచుకొని కూర్చుంది. నేనూ నాగరత్నమ్మా గుమ్మం దగ్గర నిలబడ్డాం, కదలబుద్ధి కాలేదు. పది చెంబులో పన్నెండో అయ్యాక గీతాంజలి అడిగింది.

"అవ్వా, నీ కాన్పులకు నీళ్లు ఎవరు పోసినారు?"

"నాకా?" అని శంకరమ్మ ఆలోచించింది. "నలుగురు బిడ్డలు తల్లీ. మొదటిదానికి మూడో దినమే శెనక్కాయలు పీకేకి పోయినా. నాకెవరు పోస్తారు? మా అత్త పొద్దున లేస్తే ఊరోళ్లకు పోసేకి పోతాండె."

నా రెండు కాన్పులకూ ఆమే నీళ్లు పోసింది. ఇరవై ఏండ్లుగా రోజూ పలకరిస్తున్నాను. ఈ మాట అడగాలని నాకు ఒక్కనాడు తోచలేదు. అక్కడ నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

గీతాంజలి ఇంకో రెండు చెంబులు పోసింది. "నీకు భయమైతాండెనా, బిడ్డను చూస్తే?" అంది.

శంకరమ్మ ముఖం మీద కారుతున్న నీళ్లను తుడుచుకోలేదు.

"అయితాండె. మొదటిదాన్ని చూసి మూడు నెలలు భయపడినా. ఎత్తుకుంటే జారిపోతాదని, నిద్రపోతే ఊపిరి ఆగిపోతాదని. పారేసి యాడికన్నా పోదామని గూడా అనిపించె. ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తాండా."

గీతాంజలి చెంబు కింద పెట్టేసి, ఆ తడి నేల మీదే కూర్చొని ఏడ్చింది. బిడ్డ పుట్టాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. శంకరమ్మ పగిలిన చేత్తో ఆమె తల నిమిరింది. ఊరుకో అని అనలేదు.

ఇంతలో లోపల ఉయ్యాలలో బిడ్డ లేచింది. నాగరత్నమ్మ పరుగెత్తబోయింది.

"ఈడికి పట్టుకరా అత్తా" అంది గీతాంజలి.

నీళ్లు పోసేవాళ్లు కూర్చున్నట్టే గోడకు ఆనుకొని కాళ్లు చాపుకుంది. మేం బిడ్డను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టాం. బకెట్‌లోకి వేడినీళ్లు పట్టి, చన్నీళ్లు కలిపి, శంకరమ్మ వైపు జరిపింది.

"వేడి సరిపోయిందా చూడవ్వా."

శంకరమ్మ చేతులు కట్టుకుంది. "నువ్వే చూసుకో. నీ బిడ్డ."

గీతాంజలి మోచెయ్యి ముంచి చూసింది. ఇంకొన్ని చన్నీళ్లు పోసింది. మళ్లీ ముంచి చూసింది. చెంబు ఎత్తి, బిడ్డ వీపు మీద మెల్లగా వంచింది. బిడ్డ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. గీతాంజలి భయపడింది, ముఖంలో స్పష్టంగా కనిపించింది. భయపడుతూనే ఇంకో చెంబు ముంచింది.